గురువారం రాజు.. ఆదివారం కన్నీళ్లు! డేటోనాలో డేల్ ఎర్న్‌హార్ట్ 20 ఏళ్ల పోరాటం

పదేళ్లు.. పది రేసులు.. పది విజయాలు! 1990 నుంచి 1999 వరకు, ఫిబ్రవరిలో వచ్చే ఆ ఒక్క గురువారం అమెరికాలోని డేటోనా ట్రాక్‌పై డేల్ ఎర్న్‌హార్ట్ దిగిన క్వాలిఫయింగ్ రేసులో అతన్ని ఓడించినవాడే లేడు. మూడు రోజులు గడిస్తే ఆదివారం. అసలు రేసు. ఆ పదేళ్లలో అక్కడ గెలిచింది మాత్రం ఒకే ఒక్కసారి!

అందుకే పాత తరం అభిమానులు ఎర్న్‌హార్ట్ గురించి మాట్లాడేటప్పుడు ఏడు ఛాంపియన్‌షిప్‌ల కంటే ముందు ఈ గురువారాల సంగతే ఎత్తుతారు. ఏటా ఫిబ్రవరి రాగానే ఆ పాత రేసుల వీడియోలు వెతుక్కుని మరీ చూస్తారు. ఆ నల్ల కారు, దాని మీద తెల్లటి 3 నంబర్, ముందున్న కారు వెనక బంపర్‌కు దాదాపు అతుక్కుని వెళ్లే ఆ తీరు.. చూసినవాళ్లు మర్చిపోలేరు.

ఇంతకీ ఏంటీ గురువారం రేసు?

మనకు కారు రేసింగ్ అంటే గుర్తొచ్చేది ఫార్ములా వన్. స్టాక్ కార్ రేసింగ్ వేరు. షాపులో స్టాక్ ఉన్న కారు అనే అర్థంలో ఆ పేరు వచ్చింది. మొదట్లో జనం షోరూమ్‌లో కొన్న కార్లతోనే పోటీపడేవాళ్లు. రానురాను పైకి మాత్రమే షెవర్లేలా, ఫోర్డ్‌లా కనిపించే ప్రత్యేకమైన బండ్లు వచ్చేశాయి. ఈ పోటీలు నడిపేది నాస్కార్. అందులో అన్నిటికంటే పెద్ద రేసు ఫ్లోరిడాలో జరిగే డేటోనా 500. రెండున్నర మైళ్ల ట్రాక్‌పై 200 ల్యాపులు. అంటే 500 మైళ్లు, మన లెక్కలో దాదాపు 800 కిలోమీటర్లు. మలుపుల దగ్గర ట్రాక్ 31 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది. టీవీలో చూస్తే తెలియదు కానీ, అది దాదాపు గోడ ఎక్కినట్టే!

ఈ రేసుకు ఎవరు ఎక్కడి నుంచి స్టార్ట్ కావాలో తేల్చే పద్ధతి కూడా వింతగానే ఉంటుంది. ఒంటరిగా ల్యాప్ కొట్టి తక్కువ టైమ్ నమోదు చేసిన ఇద్దరికి మొదటి వరుస. మిగతావాళ్లను రెండు గుంపులుగా చేసి గురువారం రెండు రేసులు పెట్టేవాళ్లు. ఒక్కోటి 50 ల్యాపులు, 125 మైళ్లు. మొదటి రేసు విజేతకు ఆదివారం మూడో స్థానం, రెండో రేసు విజేతకు నాలుగో స్థానం అన్నమాట. చిన్న టీముల డ్రైవర్లకు ఇది చావోరేవో. వెనకబడితే సామాను సర్దుకుని ఇంటికే.

ఎర్న్‌హార్ట్‌కు ఆ భయం లేదు. ఆదివారం రేసులో చోటు ఎలాగూ దొరుకుతుంది. ఆ రోజుల్లో ఈ రేసులకు ఛాంపియన్‌షిప్ పాయింట్లు కూడా ఇచ్చేవాళ్లు కాదు. మామూలు లెక్కలో చూస్తే కారు పాడవకుండా బయటపడితే చాలు. అయినా అతను ప్రతి గురువారం ప్రాణం పెట్టి నడిపాడు. అభిమానులకు నచ్చింది అదే.

టవళ్ల మిల్లు ఊరి నుంచి..

రాల్ఫ్ డేల్ ఎర్న్‌హార్ట్ 1951 ఏప్రిల్ 29న నార్త్ కరోలినాలోని కన్నాపోలిస్‌లో పుట్టాడు. ఆ ఊరికి ఆధారం బట్టల మిల్లు. దుప్పట్లు, టవళ్లు నేసే కానన్ మిల్స్‌లో ఊళ్లో సగం మంది పని చేసేవాళ్లు. తండ్రి రాల్ఫ్ కూడా అక్కడే పని చేసి, ఆ బతుకు నచ్చక మానేసి మట్టి ట్రాకుల మీద రేసులకు వెళ్లాడు. 1956లో నాస్కార్ స్పోర్ట్స్‌మన్ విభాగంలో ఛాంపియన్ అయ్యాడు. ఇంటి వెనక షెడ్డులో తన కార్లు తనే కట్టుకునేవాడు. డేల్ పెరిగింది ఆ షెడ్డులోనే అనుకోవచ్చు.

తొమ్మిదో తరగతి మధ్యలోనే బడి మానేశాడు డేల్. రేసులు తప్ప ఇంకేం వద్దన్నాడు. తండ్రికి ఇది అస్సలు నచ్చలేదు. ఇద్దరి మధ్య చాలాకాలం సరిగా మాటల్లేవు. 17 ఏళ్లకే పెళ్లి, ఆ వెంటనే కొడుకు కెర్రీ. ఆ పెళ్లి నిలవలేదు. రెండో పెళ్లితో కూతురు కెల్లీ, కొడుకు డేల్ జూనియర్. అదీ నిలవలేదు. వెల్డింగ్ పనులు, టైర్లు బిగించే పనులు చేస్తూ, అప్పులు తెచ్చి కారు పార్టులు కొని వారాంతాల్లో రేసులకు వెళ్లేవాడు. ప్రైజ్ మనీ వస్తే అప్పు తీరుతుంది. రాకపోతే కొత్త అప్పు!

1973లో తండ్రి రాల్ఫ్ గుండెపోటుతో చనిపోయాడు. వయసు 45. డేల్‌కు అప్పటికి 22 ఏళ్లు. కొడుకు పెద్ద డ్రైవర్ కావడం ఆయన చూడనే లేదు.

1975లో షార్లెట్‌లో జరిగిన వరల్డ్ 600తో పెద్ద సిరీస్‌లో అడుగుపెట్టాడు. వచ్చింది 22వ స్థానం. తర్వాత మూడేళ్లు అడపాదడపా ఎవరో ఒకరు కారిస్తే నడపడమే. 1979లో రాడ్ ఓస్టర్‌లండ్ అనే ఓనర్ ఫుల్ సీజన్ ఛాన్స్ ఇచ్చాడు. బ్రిస్టల్‌లో మొదటి గెలుపు, ఏడాది చివర్లో ఉత్తమ కొత్త డ్రైవర్ అవార్డు. మరుసటి ఏడాది, 1980లో ఏకంగా ఛాంపియన్! 1984 నుంచి రిచర్డ్ చైల్డ్రెస్ టీమ్‌లో 3 నంబర్ కారు. ఆ జోడీ 1986, 1987, 1990, 1991, 1993, 1994ల్లో మరో ఆరు టైటిళ్లు కొట్టింది. మొత్తం ఏడు. రిచర్డ్ పెటీ రికార్డు సమం.

అందరికీ నచ్చాడా అంటే లేదు. దారివ్వని కారును వెనక నుంచి తట్టి పక్కకు నెట్టి వెళ్లడం అతనికి మామూలే. భయపెట్టేవాడు అనే అర్థంలో ఇంటిమిడేటర్ అని ముద్దుపేరు పెట్టారు. స్టేడియంలో సగం మంది చప్పట్లు, సగం మంది తిట్లు. 1999లో బ్రిస్టల్ రేసు చివరి ల్యాపులో టెర్రీ లాబోంటేను తట్టి తిప్పేసి గెలిచినప్పుడైతే సొంత అభిమానులకు కూడా ఏమనాలో తెలియలేదు. అది తప్పా ఒప్పా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. నిజం చెప్పాలంటే ఆ రోజు అతను చేసింది సమర్థించడం కష్టమే.

గాలిని చూసే డ్రైవర్!

డేటోనాలో తొలి గురువారం గెలుపు 1983లో వచ్చింది. అప్పుడు బడ్ మూర్ టీమ్‌కు ఫోర్డ్ నడుపుతున్నాడు. రెండోది 1986లో. అసలు కథ 1990ల్లో మొదలైంది. దానికి ఒక కారణం ఉంది.

1987లో టాలడేగాలో బాబీ అలిసన్ కారు గాల్లోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. స్పీడు తగ్గించాలని నాస్కార్ 1988 నుంచి డేటోనా, టాలడేగా ట్రాకుల్లో కార్ల ఇంజిన్లకు రిస్ట్రిక్టర్ ప్లేట్లు పెట్టించింది. చిన్న రంధ్రాలున్న ఒక లోహపు పలక అది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని తగ్గిస్తుంది. దీంతో అన్ని కార్ల పవర్ ఇంచుమించు ఒకటే అయిపోయింది. ఎవరూ ఒంటరిగా దూసుకుపోలేరు. ముందున్న కారు గాలిని చీలుస్తుంటే దాని వెనక దాక్కుని వెళ్లి, సరైన క్షణంలో పక్కకు తప్పుకుని దాటాలి. హైవే మీద లారీ వెనకాల బైక్ మీద వెళ్లేవాళ్లకు ఇది తెలుసు. ఎదురుగాలి తగలదు, బండి తేలిగ్గా లాగుతుంది. అదే పని గంటకు 300 కిలోమీటర్ల స్పీడులో, చుట్టూ పాతిక కార్లు ఉండగా చేస్తే డ్రాఫ్టింగ్!

ఇందులో ఎర్న్‌హార్ట్‌ను మించినవాడు లేడు. అతనికి గాలి కంటికి కనిపిస్తుందని అభిమానులు నమ్మేవాళ్లు. తోటి డ్రైవర్లు కూడా సగం సరదాగా, సగం సీరియస్‌గా అదే అనేవాళ్లు. 50 ల్యాపుల చిన్న రేసులో పిట్ స్టాపుల లెక్కలు, టైర్ల వ్యూహాలు పెద్దగా ఉండవు. డ్రైవర్ చేతిలో ఉన్నదే ఎక్కువ. గురువారం అతను ఎందుకు అంతగా ఏలాడో ఇక్కడే అర్థమవుతుంది. ఆదివారం 200 ల్యాపుల్లో మాత్రం అదృష్టం కూడా ఒక చేయి వేస్తుంది. అదే అతనికి లేనిది.

ఆదివారాల లిస్టు చూడండి. 1986లో మూడు ల్యాపులు ఉందనగా పెట్రోల్ అయిపోయింది. 1990లో 200 ల్యాపుల్లో 155 ల్యాపులు ముందున్నాడు. చివరి ల్యాపు, మూడో మలుపు. ఇంకో మైలు కూడా లేదు. ట్రాక్ మీద పడి ఉన్న లోహపు ముక్క టైరును కోసేసింది. అప్పటిదాకా ఒక్క రేసు కూడా గెలవని డెరైక్ కోప్ పక్కనుంచి వెళ్లి విజేత అయ్యాడు. ఎర్న్‌హార్ట్‌కు ఐదో స్థానం. 1991లో రెండు ల్యాపులు ఉండగా యాక్సిడెంట్. 1993లో చివరి ల్యాపులో డేల్ జారెట్ దాటేశాడు. టీవీలో కామెంటరీ చెబుతున్నది జారెట్ తండ్రి నెడ్. ఆయన కామెంటరీ వదిలేసి కొడుక్కి దారి చెప్పడం మొదలుపెట్టాడు! 1995లో రెండో స్థానం. 1996లో మళ్లీ రెండో స్థానం, మళ్లీ అదే జారెట్ చేతిలో.

1997 సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. రేసు ముగింపు దశలో గోడను గుద్దుకుని కారు పల్టీ కొట్టింది. అతన్ని అంబులెన్స్ ఎక్కించారు. వెనక్కి తిరిగి చూస్తే కారుకు నాలుగు చక్రాలూ ఉన్నాయి. అంబులెన్స్ దిగేసి వచ్చి ఇంజిన్ స్టార్ట్ అవుతుందేమో చూడమన్నాడు. అయింది. అంతే, కారెక్కి నలిగిపోయిన ఆ డొక్కుతోనే రేసు పూర్తి చేశాడు. వచ్చింది 31వ స్థానం!

ఇన్ని ఆదివారాల ముందూ గురువారం గెలుస్తూనే ఉన్నాడు. గెలిచిన ప్రతిసారీ ఆశ. ఆదివారం మళ్లీ మొదటికి.

ఆ పది గురువారాల్లో 1994ది వేరు. ఎర్న్‌హార్ట్‌కు అత్యంత దగ్గరి స్నేహితుడు నీల్ బానెట్. కలిసి వేటకు, చేపలకు వెళ్లేవాళ్లు. తలకు దెబ్బ తగిలి కొన్నేళ్లు రేసులకు దూరమైన బానెట్ మళ్లీ నడపాలని ఆ ఫిబ్రవరిలో డేటోనాకు వచ్చాడు. 11వ తేదీ, ప్రాక్టీస్‌లో నాలుగో మలుపు దగ్గర కారు గోడను కొట్టింది. బతకలేదు. మూడు రోజులకు రాడ్నీ ఓర్ అనే మరో డ్రైవర్ అదే ట్రాక్‌పై చనిపోయాడు. 17వ తేదీ గురువారం. ఎర్న్‌హార్ట్ కారెక్కాడు, గెలిచాడు. అతను అలా ఎలా నడపగలిగాడని అభిమానులు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. ఇంకేం చేయాలో తెలియని మనిషి కాబట్టే నడిపాడేమో!

పైసా నాణెం.. 1998

1998 నాటికి ఎర్న్‌హార్ట్ పని అయిపోయిందని రాసినవాళ్లు చాలామందే. 1996లో టాలడేగా ప్రమాదంలో కాలర్ బోన్, ఛాతీ ఎముక విరిగాయి. 1997లో ఒక్క రేసూ గెలవలేదు. వరుసగా 59 రేసులు గెలుపు లేకుండా గడిచాయి. వయసు 46. ఆ ఏడాది గురువారం రేసు గెలిచినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అది మామూలేగా!

ఆదివారం రేసుకు ముందు వీల్‌ఛైర్‌లో ఉన్న ఓ చిన్నారి అతన్ని కలిసింది. పుట్టుకతోనే వెన్నెముక జబ్బు ఉన్న పాప. తన దగ్గరున్న ఒక పెన్నీ నాణెం, అంటే మన పైసా లాంటిది, అదృష్టం కోసమని అతని చేతిలో పెట్టింది. ఎర్న్‌హార్ట్ దాన్ని జేబులో వేసుకోలేదు. జిగురు తెప్పించి కారు డ్యాష్‌బోర్డుకు అతికించాడు.

ఫిబ్రవరి 15. చివరి 60 ల్యాపులు అతనే ముందు. వెనక బాబీ లాబోంటే, జెరెమీ మేఫీల్డ్, జెఫ్ గోర్డాన్ లాంటివాళ్లు. ప్రతి ల్యాపుకీ జనం లేచి నిలబడుతున్నారు. ఎందుకంటే ఇలాంటివి వాళ్లు ముందే చూశారు, చివర్లో ఏం జరుగుతుందో తెలుసు. ఒక ల్యాపు మిగిలి ఉండగా వెనక యాక్సిడెంట్ అయింది. అప్పటి రూల్ ప్రకారం గీత దాకా రేసు ఆగదు. ఎర్న్‌హార్ట్ ఒక ల్యాపు వెనకబడ్డ రిక్ మాస్ట్ కారును అడ్డం పెట్టుకుని గీత దాటేశాడు. ఇక మిగిలింది పసుపు జెండా కింద మెల్లగా తిరిగే చివరి ల్యాపు. 20వ ప్రయత్నంలో డేటోనా 500 అతనిదైంది!

తర్వాత జరిగింది నాస్కార్‌లో ఇంతకు ముందు ఎవరూ చూడలేదు. అన్ని టీముల మెకానిక్‌లు, సిబ్బంది పిట్ రోడ్డు మీదకి వచ్చి బారులు తీరారు. అతని చేతిలో రేసులు పోగొట్టుకున్నవాళ్లు, అతని దెబ్బకు కార్లు నలిగినవాళ్లు.. అందరూ. కారు నెమ్మదిగా వెళ్తుంటే కిటికీలోంచి చేయి చాపి ఒక్కొక్కరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటూ పోయాడు. ఆ తర్వాత పచ్చిక మీద కారును గిరగిరా తిప్పాడు. ఆ చక్రాల గుర్తులున్న గడ్డిని అభిమానులు పెళ్లగించి ఇంటికి పట్టుకెళ్లారు. ప్రెస్ మీట్‌లో యూనిఫామ్‌లోంచి ఓ కోతిబొమ్మ తీసి విలేకరుల మీదకు విసిరాడు. ఎంతకీ వదలని పీడను వీపెక్కిన కోతి అంటారు అమెరికావాళ్లు. అది ఇక దిగిపోయిందని ఆ విసురుకు అర్థం.

1999లో పదో గురువారం కూడా గెలిచాడు. 2000లో ఆ వరుస తెగింది. ఆ ఏడాది రెండు రేసులనూ బిల్ ఎలియట్, రికీ రడ్ గెలుచుకున్నారు. అయినా ఎర్న్‌హార్ట్ తగ్గలేదు. ఆ అక్టోబర్‌లో టాలడేగాలో చివరి ఐదు ల్యాపుల్లో 18వ స్థానం నుంచి మొదటి స్థానానికి వచ్చి గెలిచాడు. అది 76వ విజయం. అదే ఆఖరిది.

నాలుగో మలుపు

2001 ఫిబ్రవరి 18. డేటోనా 500 చివరి ల్యాపు. ముందు మైకేల్ వాల్ట్రిప్, రెండో స్థానంలో కొడుకు డేల్ జూనియర్. ఇద్దరివీ ఎర్న్‌హార్ట్ సొంత టీమ్ కార్లే! మూడో స్థానంలో అతను. ఎప్పుడూ ముందుకే దూకే మనిషి ఆ రోజు వెనక వస్తున్న కార్లను అడ్డుకుంటూ ఆ ఇద్దరికీ కాపలా కాశాడు. నాలుగో మలుపు దగ్గర స్టెర్లింగ్ మార్లిన్ కారు తగిలింది. 3 నంబర్ కారు కిందికి జారి, మళ్లీ పైకి లేచి, కెన్ ష్రేడర్ కారుతో కలిసి నేరుగా గోడను గుద్దింది.

అవతల వాల్ట్రిప్ గీత దాటాడు. 463వ ప్రయత్నంలో మొదటి గెలుపు. అన్న డారెల్ కామెంటరీ బాక్స్‌లో ఏడ్చేశాడు. టీవీలో చూస్తే ప్రమాదం అంత ఘోరంగా అనిపించలేదు. అంతకంటే భయంకరమైన పల్టీలు కొట్టి లేచి వచ్చిన మనిషి కదా! కారు దగ్గరికి మొదట వెళ్లిన ష్రేడర్ లోపలికి చూసి, వెంటనే వైద్య సిబ్బందిని పిలిచాడు. పుర్రె అడుగు భాగం విరిగింది. సాయంత్రం 5:16కి హాలిఫాక్స్ మెడికల్ సెంటర్‌లో డాక్టర్లు మరణాన్ని ధ్రువీకరించారు. వయసు 49.

మార్లిన్‌కు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. డేల్ జూనియర్, వాల్ట్రిప్ బయటికొచ్చి అతని తప్పేం లేదని చెప్పాల్సి వచ్చింది. అభిమానం హద్దు దాటితే ఇంతే మరి.

అంతకు ముందు పది నెలల్లోనే ఆడమ్ పెటీ, కెన్నీ ఇర్విన్, టోనీ రోపర్.. ముగ్గురు యువ డ్రైవర్లు నాస్కార్ ట్రాకుల మీద చనిపోయారు. అప్పుడు కదలని వ్యవస్థ ఎర్న్‌హార్ట్ పోయాక కదిలింది. తల, మెడ ఊగిపోకుండా పట్టి ఉంచే హాన్స్ అనే పరికరం అప్పటికే ఉంది. వేసుకునేవాళ్లు కొద్దిమందే. ఎర్న్‌హార్ట్‌కూ అదంటే గిట్టేది కాదు. 2001 అక్టోబర్‌లో అలాంటి పరికరం తప్పనిసరి చేశారు. కాంక్రీటు గోడల ముందు దెబ్బను పీల్చుకునే మెత్తటి గోడలు వచ్చాయి. కారు డిజైనే మారింది. ఆ తర్వాత నాస్కార్ అగ్రశ్రేణి సిరీస్‌లో ఏ డ్రైవరూ రేసులో ప్రాణం పోగొట్టుకోలేదు.

అతని సీటును చైల్డ్రెస్ కెవిన్ హార్విక్ అనే కుర్రాడికి ఇచ్చాడు. కారుకు తెల్ల రంగు వేసి, నంబర్ 29గా మార్చాడు. మూడో రేసుకే, మార్చి 11న అట్లాంటాలో, జెఫ్ గోర్డాన్ కంటే సెకనులో వెయ్యో వంతు లెక్కన ఆరు ముందు గీత దాటాడు హార్విక్. ఆ సీజన్ అంతా ప్రతి రేసు మూడో ల్యాపులో స్టేడియం మొత్తం మూడు వేళ్లు ఎత్తి మౌనంగా నిలబడేది. జులైలో అదే డేటోనాలో డేల్ జూనియర్ గెలిచాడు.

3 నంబర్‌ను చైల్డ్రెస్ 13 ఏళ్లు పక్కన పెట్టాడు. 2014లో మనవడు ఆస్టిన్ డిల్లన్‌కు ఇస్తే కొందరు అభిమానులు కోప్పడ్డారు, కొందరు ఏడ్చారు. 2018లో, అంటే ఎర్న్‌హార్ట్ గెలిచిన సరిగ్గా 20 ఏళ్లకు, అదే నంబర్‌తో డిల్లన్ డేటోనా 500 కొట్టాడు. గురువారం రేసులు ఇప్పుడు 150 మైళ్లకు పెరిగాయి, ముందున్నవాళ్లకు పాయింట్లు కూడా ఇస్తున్నారు. మొత్తం 12 విజయాల రికార్డు మాత్రం ఇప్పటికీ ఎర్న్‌హార్ట్ పేరు మీదే ఉంది.